ముందు చక్రాల మంజూరు విధానం

బండికి నాలుగు చక్రాలుండటం ఒక సంగతి. ఆ నాలుగూ పనిచేయడం పూర్తిగా వేరే శాఖ పరిధిలోని సంగతి. ఈ తేడా తెలియక నేను పొద్దుటినుంచీ మా ఆయనతో వాదిస్తున్నాను.

"వాన పడింది, మిట్ట దగ్గర బురదగా ఉంటుంది. ఇక్కడే ఒకసారి ఆ మీట తిప్పి చూడండీ!"

"ఊరికే తిప్పితే అరిగిపోదూ? బురద రానీ, చూద్దాం."

పాత ట్రక్కుల్లో ముందు చక్రాలను కూడా పనిలోకి దించడానికి పొడవాటి ఇనుప కర్ర లాగేవారు. మా చిన్న ట్రక్కులో గుండ్రటి మీట తిప్పితే చాలు, అడుగున ఉన్న మోటారు ఆ పని చేస్తుంది. (చేస్తుందని అమ్మినవాళ్లు చెప్పారు.) మా ఇంటి నిబంధనలు రెండే. మీటను ఆయన తప్ప ఎవరూ తిప్పకూడదు. ఆయన తిప్పరు.

వెనక నా నర్సరీ మొక్కలున్నాయి. కొత్త ఆసుపత్రి తోట కోసం నాకొచ్చిన మొదటి పెద్ద ఆర్డరు. మధ్యాహ్నంలోగా చేరకపోతే వేరేచోట తీసుకుంటామని తోట సూపర్‌వైజరు ముందే చెప్పాడు. ఆ వైభవం చూడటానికి ఇంటిల్లిపాదీ బయల్దేరాం.

మిట్ట సగం ఎక్కాక వెనక చక్రాలు బురదలో గిరగిరా తిరిగాయి. ముందు చక్రాలు ప్రేక్షక హోదాలో ఉండిపోయాయి. ఆయన బండి ఆపి, గొంతు సవరించుకుని మీట తిప్పారు. డాష్‌బోర్డు మీద ఒక దీపం వెలిగి ఆరి, వెలిగి ఆరింది.

"అదేమిట్రా, కన్ను కొడుతోంది?" అంది వెనక సీట్లోంచి మా అత్తగారు.

"ఆలోచిస్తోందమ్మా."

(దీపం మిణుకుమంటే దరఖాస్తు పరిశీలనలో ఉన్నట్టు. నిలకడగా వెలిగితే మంజూరైనట్టు. ఆరిపోతే మీరెవరో దానికి తెలియనట్టు.)

మా అమ్మాయి బండి పుస్తకం తెరిచింది. "బ్రేకు నొక్కి న్యూట్రల్‌లో పెట్టమంది నాన్నా." పెట్టారు. "ఇంజను ఆపి మళ్లీ స్టార్టు చేయమంది." చేశారు.

"దణ్ణం పెట్టమని ఎక్కడన్నా రాశారేమో చూడవే," అంది అత్తగారు.

"లేదు నానమ్మా. నెలకోసారైనా మీట తిప్పి వాడుతుండాలట. లేకపోతే మోటారు బిగుసుకుపోతుందట."

ఆయన మీట మీంచి మెల్లిగా చెయ్యి తీశారు.

"అరిగిపోకూడదనే కదా..." అన్నారాయన.

"అరగలేదు లెండి," అన్నాను.

ట్రాక్టరొచ్చి మమ్మల్ని బయటికి లాగేసరికి మధ్యాహ్నం దాటిపోయింది. ఆసుపత్రి గేటులోంచి, ఎవరివో మొక్కలు దించేసిన ఆటో ఖాళీగా బయటికొస్తోంది. సూపర్‌వైజరు చాలా మర్యాదస్థుడు. "గులాబీల మడి ఒకటి మిగిలిందమ్మా. రేపు పొద్దున్నే తెస్తే తీసుకుంటాం. ఇంకోసారి ఆలస్యమైతే మాత్రం మీ పేరు కొట్టేస్తాం," అన్నాడు.

సాయంత్రం మెకానిక్కు మోటారు విప్పి, తుప్పు గీకి, మళ్లీ బిగించాడు. ఈసారి దీపం నిలకడగా వెలిగింది. ఆయన దాన్ని ఆప్యాయంగా చూసి, "ఇకమీదట దీన్ని చిన్నాచితకా బురదలకి వాడొద్దు," అని సవరణ జారీ చేశారు.

అన్నాలు వడ్డిస్తూ, గొంతు పెంచకుండా అందరికీ చెప్పాను. "రేపు బండి నేను తోలుతాను. అత్తయ్యా, మీరు ముందు సీట్లో కూర్చోండి. అమ్మాయి వెనక గులాబీలు చూసుకుంటుంది."

అత్తగారు పప్పు కలుపుకుంటూ తలాడించింది.

"మరి నేను?" అన్నారాయన.

"మీరు ఇంట్లోనే ఉండండి. అవసరమైతే పిలుస్తాం."