వేదిక మీద గురక

ఆ ఉదయం గురక డాక్టరు వేసుకున్న పథకం చాలా చిన్నది. ముందు ల్యాబులో చివరి పరీక్ష, ఆ తర్వాత హాల్లో ఇంటర్వ్యూ. నిద్రలో ఊపిరి ఆగిపోయే జబ్బు మీద పరిశోధన చేస్తోంది కాబట్టి ఆసుపత్రంతా ఆమెకు గురక డాక్టరని పేరు పెట్టింది. గురక చప్పుడు విని ఆ జబ్బును పసిగట్టే విద్య విదేశంలో ఒక బృందం దగ్గరుంది. రమ్మని వాళ్లెప్పుడో పిలిచారు. విమానం ఎక్కించాల్సింది మాత్రం ఒక దాత ఇచ్చే ప్రయాణ పురస్కారం. ఇవాళ దాత వచ్చి ఇంటర్వ్యూ చేసేది దానికే. అది కుర్ర పరిశోధకులకే. వయసు దాటిపోతోంది, ఆమెకిదే ఆఖరి అవకాశం.

"ఇవాళైనా ఆ గురకల గోల మానవే తల్లీ! జుట్టు దువ్వుకుని వెళ్లు," అంది అమ్మ.

"ఒక్క పెద్దావిడమ్మా! ఆవిడ పడుకుని లేస్తే నా పని పూర్తి."

ల్యాబులో ఒక నియమం ఉంది. పరీక్షకొచ్చిన వాళ్ల పేరు అడగకూడదు. గురక పెడతారన్న సంగతి గుట్టుగా ఉంచాలి కదా మరి! అందుకే ఒక పెద్దావిడ తలుపు దగ్గర నిలబడి తొంగిచూడగానే గురక డాక్టరు ఎవరని అడగలేదు. చెయ్యి పట్టుకుని మంచం మీద కూర్చోబెట్టి, తలనిండా తీగలు అంటించేసింది.

"అమ్మాయ్, నేనూ..."

"ఏమీ చెప్పొద్దమ్మా! మాట్లాడితే తీగలు ఊడతాయి. హాయిగా కళ్లు మూసుకోండి."

ఆవిడ బుద్ధిగా మూసుకుంది.

అసలు పరీక్షకు రావలసింది ఒక రిటైరైన సంగీతం టీచరు. రాత్రంతా మేలుకుని రమ్మన్నారని కన్ను మూయకుండా వచ్చి, దారి తప్పి, తూలుతూ హాలు గుమ్మం దగ్గర తేలింది. అక్కడ డైరెక్టరు పూలగుత్తి పట్టుకుని, ఎప్పుడూ చూడని దాత కోసం ఎదురుచూస్తున్నాడు.

"రండి రండి అమ్మగారూ! మీ కోసమే చూస్తున్నాం."

"అలాగా! పడుకోవడానికి ఏర్పాట్లన్నీ అయ్యాయా?"

ఎంత సరదా మనిషో అని డైరెక్టరు మురిసిపోయాడు. ఆవిణ్ణి వేదిక మీద మెత్తటి కుర్చీలో కూర్చోబెట్టి ఉపన్యాసం అందుకున్నాడు. ఆయన ఉపన్యాసం అందుకుంటే ఓ పట్టాన వదలడు. ఆవిడ గురక అందుకుంది. సంగీతం వచ్చిన గొంతు కదా, మంద్రంలో మొదలై చూస్తూండగానే తారస్థాయికి చేరింది. దాతను లేపే ధైర్యం ఎవరికుంది? డైరెక్టరు గొంతు పెంచాడు. ఆవిడా పెంచింది.

ఇంటర్వ్యూకి వేళయిందని, పెద్దావిణ్ణి ల్యాబు మంచం మీదే వదిలి గురక డాక్టరు హడావిడిగా హాల్లో అడుగుపెట్టేసరికి గురక ఠక్కున ఆగింది. అమ్మయ్య అని హాలంతా ఊపిరి పీల్చుకుంది. పీల్చుకోనిది వేదిక మీదున్న ఆవిడ ఒక్కతే.

గురక డాక్టరు ఒక్క పరుగున వేదికెక్కి ఆవిడ భుజాలు పట్టి కుదిపేసింది. "అమ్మా, లేవండి! ఊపిరి తీసుకోండి!"

"దాతగారి మీదే చెయ్యి వేస్తావా! ఇక నీ ప్రయాణం గోవిందా!" అని అరిచాడు డైరెక్టరు.

అయినా ఆమె భుజాలు వదల్లేదు. ఆవిడ గట్టిగా ఊపిరి లాగి కళ్లు తెరిచింది.

"పరీక్ష అయిపోయిందా?"

"ఏం పరీక్షండీ?" అన్నాడు డైరెక్టరు.

"నిద్ర పరీక్ష. దానికేగా వచ్చాను!"

డైరెక్టరు హాలంతా కలయజూశాడు. "మరి దాత?"

"నేనేనయ్యా," అంది గుమ్మంలోంచి ఒక గొంతు. తలనిండా తీగలు వేలాడుతున్నాయి. "ముందుగా వచ్చి ల్యాబు చూద్దామనుకున్నా. ఈ అమ్మాయి తీగలు పెడుతుంటే కొత్తరకం సన్మానం కాబోలనుకున్నా. మాట్లాడొద్దందిగా మరి! తను ఇటు పరిగెడితే వెనకే వచ్చి అంతా చూశా."

అందరూ నవ్వారు. ఆవిడ నవ్వలేదు.

"మా ఆయన గురకా ఇలాగే ఆగేది. హమ్మయ్య అనుకుని అటు తిరిగి పడుకునేదాన్ని. ఒక రోజు ఆగింది, మళ్లీ మొదలవలేదు. ఆయన పేరనే ఈ పురస్కారం పెట్టాను." వేదికెక్కి గురక డాక్టరు చెయ్యి పట్టుకుంది. "ఇంతమంది డాక్టర్లున్నారు. గురక ఆగితే పరిగెత్తింది ఈ పిల్లొక్కతే. ఇంక ఇంటర్వ్యూ ఎందుకు? వెళ్లిరా తల్లీ!"

హాలు చప్పట్లతో మారుమోగిపోయింది. అందరికంటే గట్టిగా కొట్టింది సంగీతం టీచరు, అదీ తాళం తప్పకుండా. గురక డాక్టరు ఏడుస్తూ నవ్వుతూ ఇంటికి ఫోన్ చేసింది.

"వచ్చేసిందమ్మా!"

"జుట్టు దువ్వుకోమన్నది ఇందుకే!" అంది అమ్మ.

డైరెక్టరు ఉపన్యాసం రికార్డు కూడా వృథా పోలేదు, ల్యాబులో నిద్రపట్టని వాళ్లకు ఇప్పుడు అదే పెడుతున్నారు.