రెప్పపాటులో తెరుచుకునే పేజీ

మా పెద్దాసుపత్రి వెబ్‌సైటు గొప్పదనం గురించి నాలుగు ముక్కలు మనవి చేసుకోవాలి. రోగి పేరు కొడితే చాలు, అతని పేజీని అప్పటికప్పుడు అల్లి తెరమీద పెట్టే ప్రోగ్రాం అది. దాన్ని మొదట రాసిన ఇంజనీరుని అందరూ విపులాచారి అంటారు. రాసింది నలుగురూ చదివి అర్థం చేసుకోవాలన్నది ఆయన పట్టుదల. అందుచేత ప్రోగ్రాం రికార్డుల దగ్గరికి వెళ్లి పేరు తెచ్చేది, మళ్లీ వెళ్లి వయసు తెచ్చేది, జబ్బు కోసం ఇంకోసారి బయల్దేరేది. అన్నీ ఒకేసారి మోసుకొస్తే చదివేవాళ్లు తికమకపడరూ?

పొద్దున అడిగిన పేజీ మధ్యాహ్నానికి దయచేసేది. ఈలోగా జ్వరం తగ్గి ఇంటికి పోయినవాళ్లని ఆసుపత్రి నయమైనవారి ఖాతాలో వేసుకుంది.

మా వీధి దర్జీకి కంట్లో శుక్లం. సూదిలో దారం ఎక్కడం లేదు. ఆపరేషన్ తేదీ కోసం వెళితే, ఆయన చనిపోయారని పేజీ తెలియజేసింది.

"బతికే ఉన్నానమ్మా."

"అది మీరు చెబితే ఎలా బాబాయ్? పేజీ చెప్పాలి," అంది కౌంటరులో అమ్మాయి.

ప్రోగ్రాంలో తప్పు ఎక్కడుందో విపులాచారి వెంటనే పట్టేశారు. పిలిచినా పలకని రోగిని పోయినట్టు రాసుకునే లైను అది. "చూశారా, చిన్నపిల్లలకి కూడా ఎంత స్పష్టంగా కనబడుతోందో," అని మురిసిపోయారు. ఆ మురిపెం తీరి దిద్దేలోపే, ఆలస్యం భరించలేక సూపరింటెండెంటుగారు ప్రోగ్రాంని 'చిటికె' అనే కుర్ర ఇంజనీరుకి అప్పగించారు.

చిటికె ప్రోగ్రాంలో మాటల మధ్య ఖాళీలు పీకేశాడు, అందులో వాడిన పేర్లన్నీ ఒక్కో అక్షరానికి కుదించాడు, ప్రోగ్రాం మొత్తాన్ని ఒకే లైనుగా లాగాడు. అడిగినప్పుడల్లా అల్లడం దేనికని, ఉన్న పేజీలన్నీ ఉన్నవున్నట్టు ముందే అల్లి దాచిపెట్టాడు.

"మరి నన్ను చంపిన లైను?" అన్నారు దర్జీ.

"ఇప్పుడున్నదే ఒక లైను పెద్దాయనా. అందులోనే ఎక్కడో ఉంటారు. కదిపితే అంతా కూలుద్ది."

ప్రారంభోత్సవం నాడు సూపరింటెండెంటుగారు ఇలా సెలవిచ్చారు: "చదువుకోడానికి ప్రోగ్రామేమైనా నవలా? వేగమే సేవ. ఒకప్పుడు తాను పోయిన సంగతి తెలుసుకోవడానికి రోగి మధ్యాహ్నం దాకా పడిగాపులు పడేవాడు. నేడు రెప్పపాటులో తెలుసుకుంటున్నాడు."

వెంటనే మచ్చుకని మా దర్జీ తాలూకు పేజీనే తెరిచి చూపించారు. నిజంగానే రెప్పపాటు పట్టింది. కౌంటరు ముందు రోగుల వరుసంతా చప్పట్లు కొట్టింది.

"వేగం బాగానే ఉందయ్యా. నా కన్ను సంగతేంటి?" అన్నారు దర్జీ.

వరుసలో వెనకాయన విసుక్కున్నాడు. "పోయినవాళ్లు కూడా వరుసలో నిలబడితే ఉన్నవాళ్ల గతేంటి తాతా? కాస్త పక్కకి జరుగు."

దర్జీ జరిగారు. మనమందరం తలా ఒక అడుగు ముందుకు వేశాం.