శేషగిరి మాస్టారి అహర్గణం

కాలానికి ఆదీ లేదు, అంతమూ లేదని శాస్త్రాలు ఘోషిస్తున్నాయి. అంతటి కాలమూ తెనాలిలోని ఒక విద్యా కార్యాలయానికి వచ్చేసరికి చెప్పులు గుమ్మం బయట విడిచి, కంప్యూటరు గదిలో చేతులు కట్టుకుని నిలబడవలసి వచ్చింది. ఇది 1996 జనవరి నాటి మాట.

ఆ గదిలో చల్లని గాలి, తెర నుదుట కుంకుమబొట్టు, గుమ్మానికి నిమ్మకాయ. (యంత్రానికి దుమ్ము సోకరాదు. ఫైళ్లకు ఆ నియమం లేదు.) ఆ ఏడు పదవీ విరమణ చేయవలసిన ఉపాధ్యాయుల వివరాలను బాపట్లలో స్ప్రెడ్‌షీటులోకి ఎక్కించి, ఫ్లాపీలో పెట్టి, బస్సులో తెనాలికి పంపేవారు. తెనాలి ప్రోగ్రాము దాన్ని చదివి ఉత్తర్వులు అచ్చువేసేది.

బాపట్లలో ఆ పని చేసిన సరోజ చిన్ననాడు రేపల్లెలో శేషగిరి మాస్టారి దగ్గర చదువుకున్న పిల్ల. అందరి పుట్టిన తేదీలనూ మామూలు మాటల్లాగే టైపు చేసుకుంటూ పోయింది. గురువుగారి పేరు వచ్చేసరికి మాత్రం భక్తి కలిగి, ఆ గడిని తేదీల గడిగా మార్చి, నేర్చుకున్న పద్ధతి ప్రకారం తేదీని తేదీగానే ఎక్కించింది. అడ్డదిడ్డంగా ఎక్కినవన్నీ ప్రోగ్రాము చక్కగా చదివింది. చక్కగా ఎక్కిన ఆ ఒక్కదాన్నే, జూలై ఒకటి 1938 అని చదవడానికి బదులు, 14062 అని చదివింది. (ఆ జూలై ఒకటైనా, బడిలో చేర్చుకున్న అయ్యవారు వేసినదే. ఆ తరంలో బడికి పోయిన పిల్లలలో సగం మంది జూలై ఒకటినే పుట్టారు. నాటి మంత్రసానుల అవస్థ ఊహించుకోవలసిందే.)

రేపల్లెకు తాఖీదు వెళ్లింది. తమ పుట్టిన తేదీ 14062గా తేలినందున స్వయంగా హాజరై సంజాయిషీ ఇచ్చుకోవలసినదని అందులో ఉంది. శేషగిరి మాస్టారు తెలుగు పండితులు. జూన్ నెలాఖరుకు వారి కొలువు ముగియాలి. ఇన్నేళ్లలో ఏ పదో తరగతినీ పద్యభాగం నడుమ వదిలి వెళ్లిన మనిషి కారు. ఈ చివరి తరగతిని కూడా మార్చి పరీక్షల దాకా చేర్చి దిగిపోవాలన్నదే ఆయనకు మిగిలిన కోరిక.

తెనాలిలో ఆయన కోసం ఇద్దరు ఎదురుచూస్తున్నారు. ఒకరు తేదీల సమన్వయాధికారి బసవేశ్వరరావు. రెండోవారు ప్రోగ్రాము రాసిన కొలకలూరు అమ్మాయి ప్రేమకుమారి.

"తేదీయేనండి అది," అంది ప్రేమకుమారి. "షీటు లోపల రోజుల లెక్కగా దాచుకుంటది. మనకి చూపించేటప్పుడే తేదీలాగా చూపిస్తది. ఎప్పట్నించి లెక్కో ప్రోగ్రాములో ఒక్క లైను రాస్తే చాలు సార్. పంతొమ్మిది వందలు, జనవరి ఒకటి నించండి."

అది ఏ జీవోలో ఉన్నదని అధికారి అడిగారు. పుస్తకంలో ఉన్నదని ఆమె చెప్పింది. కాలాన్ని ఎక్కడినుంచి మొదలుపెట్టాలన్నది గంభీరమైన విషయమనీ, తగిన ప్రామాణికుల సంతకం లేనిదే కార్యాలయం కాలాన్ని మొదలుపెట్టజాలదనీ ఆయన సెలవిచ్చారు. తరువాత భక్తితో మాస్టారి వైపు తిరిగారు.

"పంతులుగారూ, తమరు పంచాంగం ఎరిగినవారు. రోజులు లెక్కపెట్టాలంటే మన పెద్దలు ఎక్కణ్ణించి మొదలెట్టారండి?"

శేషగిరి మాస్టారి ముఖం వెలిగింది. ఇన్నాళ్లకు ఒక సర్కారు కార్యాలయం తనను శాస్త్రం అడిగింది. ఇలా గడిచిన రోజుల మొత్తాన్ని అహర్గణమంటారనీ, కలియుగం పుట్టిన దినం నుంచి దాన్ని లెక్కిస్తారనీ విశదపరిచారు.

"మాస్టారూ, మీరు కాసేపు మాట్లాడకండి," అని గొణిగింది ప్రేమకుమారి.

చిన్నపిల్లలకు శాస్త్రం వినే ఓపిక ఉండదు గనుక మాస్టారు ఆమెను మందలించలేదు. ఆ దినం అర్ధరాత్రి మొదలైందా, సూర్యోదయాన మొదలైందా అన్న వివాదాన్ని కూడా విప్పి చెప్పారు. అధికారి అంతా రాసుకుని, వారిచేత సంతకం చేయించి, ముద్ర వేశారు. ప్రేమకుమారి చేత ఆ లైను రాయించారు.

ప్రింటరు గదంతా అదిరేలా ఉత్తర్వును వెలువరించింది. శ్రీ శేషగిరి కలియుగం ముప్పై తొమ్మిదో ఏట జన్మించి, యాభై ఎనిమిదేళ్లు నిండి, తొంభై ఏడో ఏట విరమణ చేయవలసి ఉండగా, అనుమతి లేకుండా అయిదు వేల సంవత్సరాలు అదనంగా కొనసాగినందున తక్షణం విధుల నుంచి తప్పించడమైనది.

మాస్టారు కాగితాన్ని రెండుసార్లు చదివారు. "ఇదేంటండి? మార్చి దాకా ఉండనివ్వండి. పిల్లలకి ఇంకా పద్యాలున్నాయి."

బసవేశ్వరరావుకు నిజంగానే మనసు నొచ్చింది. "మీ మాట కాదంటానా బాబాయిగారూ. అయిదు వేల ఏళ్లు ఎక్కువ ఉన్నారాయె. ఇంకో రెండు నెలలంటే ఆడిట్ వాళ్లు ఊరుకుంటారా, మీరే చెప్పండి."

ఆ మధ్యాహ్నమే ప్రేమకుమారి, ఎవరికీ చెప్పకుండా, ఆ లైనులో కలియుగం తీసేసి పంతొమ్మిది వందలు పెట్టింది. 14062 ముచ్చటగా జూలై ఒకటి 1938 అయింది. అయితే అప్పటికే మాస్టారి పేరు కొలువులో ఉన్నవారి జాబితా నుంచి దిగిపోయింది. దిగిపోయినవారి తేదీలను సరిదిద్దే అధికారం ప్రోగ్రాముకు లేదు.

రేపల్లె బడిలో పద్యభాగాన్ని డ్రిల్లు మాస్టారికి అప్పగించారు. ఆయన పిల్లలను వరుసల్లో నిలబెట్టి, పాదానికొక చెయ్యి ఎత్తించి పద్యాలు వల్లె వేయించాడు. ప్రహరీ అవతల నిలబడి విన్న శేషగిరి మాస్టారు, సరిగ్గా యతిస్థానంలో ఈల వినబడగానే, తిన్నగా ఇంటికి వెళ్లి అప్పీలు రాశారు.

జవాబు ఎంతో మర్యాదగా వచ్చింది. అప్పీలు సహేతుకంగానే ఉన్నదట. కాకపోతే విరమణ నాటి నుంచి మూడు నెలల లోపల దాఖలు చేయవలసి ఉండగా, ఆ గడువు కలియుగం తొంభై ఏడో ఏటనే ముగిసిపోయిందట. గడువు లెక్కకు ఆధారం కూడా కింద చిన్న అక్షరాలలో చూపారు: పండిత శ్రీ శేషగిరి గారి శాస్త్రాభిప్రాయం.