బద్ద కాస్తే గుండు

ఆదివారం పది గంటలకల్లా బావమరిది ఢిల్లీబాబుకు నాలుగు లెక్కలు చెప్పేసి, తరువాత తీరిగ్గా పేపరు చదువుకోవాలని త్రినాథరావు మాస్టారు అనుకున్నారు. పలాసలో జీడిపప్పు బట్టీ నడిపే ఢిల్లీబాబు, జీడిపిక్కలు కొనడానికి దాచిన నాలుగు లక్షలతో మధ్యాహ్నం రైలుకు గోవా బయలుదేరుతున్నాడు. అక్కడి జూదశాలలో రౌలెట్ చక్రం ఉంది. దాన్ని గెలిచే ఉపాయం అతని ఫోనులో ఉంది. ఆ డబ్బు పోతే ఈ ఏడు బట్టీ మూతే. "వాణ్ణి మీరే ఆపాలి" అని రజని తమ్ముడి భారం భర్త మీద పెట్టింది.

మాస్టారు పాత సైకిలు చక్రానికి ముప్పై ఏడు కాగితపు గళ్ళు అంటించారు. పద్దెనిమిది ఎరుపు, పద్దెనిమిది నలుపు, ఒకటి పచ్చ సున్నా. పందెం బిళ్ళలకు బదులు వంటింట్లోంచి కిలో జీడిపప్పు డబ్బా తెచ్చుకున్నారు.

"ఎరుపు మీదే కాత్తాను బావా. పోతే రెట్టింపు. మళ్ళా పోతే మళ్ళా రెట్టింపు. ఎప్పుడోకప్పుడు ఎరుపు పడదేటి?"

"పడితే నీకు మిగిలేది ఒక్కటే. వరసగా ఆరుసార్లు పడకపోతే పోయేవి అరవై మూడు. సున్నా పడితే రెండు రంగులవాళ్ళూ ఓడినట్టే. ఎంతసేపు ఆడితే అంత పోతుందిరా. ఆడి చూడు. గెలిస్తే పప్పుకు పప్పు ఇస్తాను."

ఢిల్లీబాబు జేబులోని నమూనా పొట్లం విప్పి ఒక పప్పు కాశాడు. ఎరుపు పడింది. మాస్టారిచ్చిన పప్పును వెలుతురుకు పెట్టి చూసుకుని, ఇంకేమీ వాదించకుండా ఆట సాగించాడు. అరగంటలో ఎక్కువసార్లు ఓడిపోయాడు. మొహం మాత్రం వెలిగిపోతోంది. బట్టీకి ఫోను చేశాడు.

"అప్పలమ్మా, బద్దల డబ్బా ఒకటట్టుకొచ్చీ!"

పప్పు ఏరే అప్పలమ్మ డబ్బాతో పాటు మరో అయిదుగురిని తీసుకొచ్చింది. కాసేపటికి వరండా నిండి, వరస వీధిలోకి పాకింది.

"ఎన్నిసార్లు ఓడారో చూసుకుంటున్నారా?" అన్నారు మాస్టారు ఉత్సాహంగా.

"ఓడిపోతన్నామండి మాస్టారూ, తెగ ఓడిపోతన్నాం" అని అప్పలమ్మ సంబరంగా మళ్ళీ కాసింది.

రజని వచ్చి డబ్బాలో చెయ్యి పెట్టింది.

"ఇదేటండీ! నా గుండు పప్పంతా ఏమైపోయింది? అన్నీ బద్దలేనా?"

పలాసలో చిన్నపిల్లలకైనా విడవని గుండు ధర ఎక్కువ, రెండుగా విడిన బద్ద ధర తక్కువ అని తెలుసు. లెక్కల మాస్టారు గనక ఆయన ఏ పప్పయినా ఒకటంటే ఒకటే అనుకున్నారు. పొద్దున్నుంచి ఊరంతా బద్ద కాసి గుండు పట్టుకుపోతోంది.

మాస్టారు చక్రం ఆపేశారు. ఢిల్లీబాబు సంచీ భుజాన వేసుకున్నాడు.

"బావా, గోవాలో బిళ్ళలు ఎలాగుంటాయి? గుండా, బద్దా?"

"ప్లాస్టిక్‌వి" అన్నారు మాస్టారు నీరసంగా. "నువ్వు కాసేదీ అదే, వాళ్ళిచ్చేదీ అదే."

"గ్రేడు లేదేటి?"

"లేదు."

ఢిల్లీబాబు సంచీ దింపేశాడు.

"ఇక్కడ సగానికి పైగా ఓడిపోనాను బావా. గుండు పుణ్యాన బతికినాను. గ్రేడే లేకపోతే ములిగిపోడవే కదేటి! ఈ ముక్క ముందే సెప్పొచ్చు కదా!"

టిక్కెట్టు రద్దు చేసుకుని పిక్కలు బేరమాడటానికి వెళ్ళిపోయాడు.

"మా తమ్ముడు చిన్నప్పట్నుంచీ లెక్కల్లో చురుకేనండి" అంది రజని, బద్దలు డబ్బాకెత్తుతూ.