అజ్ఞాత సభ్యుడికి ఘన సన్మానం

కైకలూరులో చేపల మేత వ్యాపారం చేసే అమరేశ్వరరావుగారు మద్యం మానేయాలని నిర్ణయించుకున్నట్టు తెలియగానే పట్టణ ప్రముఖులు తీవ్ర దిగ్భ్రాంతి వ్యక్తం చేశారు. ఇరవై రెండేళ్లుగా క్రమశిక్షణతో తాగుతున్న మనిషి, పిలిచిన ప్రతి విందుకూ వేళకు హాజరైన మనిషి, ఉన్నట్టుండి ఇంతటి అఘాయిత్యానికి ఎందుకు పాల్పడ్డాడో ఎవరికీ బోధపడలేదు.

కారణం చిన్నదే. ఆయన భార్య రత్నమాల మూడు నెలలుగా ఆయన్ని తిట్టడం మానేసింది. కంచంలో అన్నం పెట్టేది, అవతలి గదిలోకి వెళ్లిపోయేది. తిట్లు వినపడినంత కాలం కాపురం నిక్షేపంగా ఉందనుకున్న అమరేశ్వరరావుకి ఈ మౌనంతో కాళ్లలో వణుకు పుట్టింది. చేతుల్లో వణుకు అంతకు ముందునుంచే ఉంది.

డాక్టరు పరీక్షించి మాత్రలు రాశాడు. "వీటితోపాటు, మానేసినవాళ్లు కలిసి కూర్చుని మాట్లాడుకునే సంఘం ఏదైనా ఉంటే చేరండి" అన్నాడు. అది ఎక్కడుందో మాత్రం రాయలేదు.

దారి చెప్పడంలో ఆ ఊరివాళ్లు ఉదారులు. ఏ మందు షాపు ఎన్నింటికి తెరుస్తారో, సెలవునాడు ఏ తలుపు ఎన్నిసార్లు తట్టాలో నిద్రలో లేపి అడిగినా చెబుతారు. మాన్పించే చోటు ఎక్కడండీ అంటే మాత్రం ఆకాశంకేసి చూశారు. ఒక కార్యాలయంలో "రైతు సంఘమాండీ, మత్స్యకారుల సంఘమాండీ?" అని అడిగి, రెండూ కాకపోతే ఫారం లేదన్నారు. సెల్‌ఫోన్‌ని అడిగితే అది ఆయన్ని నాలుగు సందులు తిప్పి ఒక బారు ముందు నిలబెట్టి, గమ్యం చేరుకున్నారని ప్రకటించింది.

చివరికి ఆస్పత్రి నర్సు హన్నమ్మ గొంతు తగ్గించి చెప్పింది. "తాడేపల్లిగూడెంలో ఉందండి. ఆదివారం పదింటికి, సైకిళ్ల షాపు మీద గదిలో. పేరు కూడా అడగరండి. ఎవరొచ్చారో బయట చెప్పుకోరు. మీరూ ఎవరికీ చెప్పకండేం."

అమరేశ్వరరావు ఎవరికీ చెప్పలేదు. ఆదివారం కొట్టు ఎందుకు తెరవడో వివరించాలి గనక వర్తక సంఘం అధ్యక్షులు ఈశ్వరప్రసాద్ గారికి ఒక్కరికే చెప్పాడు.

విషయం గోప్యమైనది కావడంతో అధ్యక్షులవారు ఫ్లెక్సీని పన్నెండు అడుగులకు మించనివ్వలేదు. "రేపు అజ్ఞాతంగా గూడెం వెళ్లి మద్యం మానబోతున్న మన అమరేశ్వరరావుగారికి హార్దిక శుభాకాంక్షలు" అని రాయించి, కింద శుభాకాంక్షలు తెలిపే పదిహేడుగురి ఫొటోలు వేయించారు. శనివారం మధ్యాహ్నం కల్యాణమండపంలో సన్మానం.

"ఈయన తాగినప్పుడు మనం గర్వపడ్డాం. మానేస్తుంటే సహిస్తున్నాం. ఈ సభ ముఖంగా ఆయన కాలేయానికి కూడా కృతజ్ఞతలు తెలుపుకుంటున్నాం. వేదిక వెనక భోజనాలూ, తదితర ఏర్పాట్లూ ఉన్నాయి. అందరూ సద్వినియోగం చేసుకోవాలి" అన్నారు అధ్యక్షులవారు.

తదితర ఏర్పాట్లు సీసాల్లో ఉన్నాయి. మెడలో దండ, భుజాన శాలువాతో నిలబడ్డ అమరేశ్వరరావు ముందుకు ముప్పై గ్లాసులు వచ్చాయి.

"ఆఖరిసారండీ! రేపు ఎలాగూ మానేస్తున్నారు కదండీ!"

"నావల్ల కాదండీ, వద్దండీ" అన్నాడాయన.

"నా చెయ్యి తోసేస్తారా అండీ?" అని ఈశ్వరప్రసాద్ గారు కళ్లు ఒత్తుకున్నారు.

అమరేశ్వరరావు చెయ్యి దానంతటదే లేచింది. గ్లాసు పెదాల దాకా వచ్చింది. అప్పుడు సభలో ముందు వరసలో కూర్చున్న రత్నమాల కనిపించింది. ఆమె కోపంగా లేదు. ఎప్పుడో తెలిసిన సంగతి మరోసారి విన్నట్టు తల తిప్పుకుని, చేతిసంచీ తీసుకుని లేచింది. అమరేశ్వరరావు గ్లాసు అధ్యక్షులవారి చేతిలోనే పెట్టి, దండతో, శాలువాతో, ఉత్తికాళ్లతో వెనక తలుపులోంచి రోడ్డుమీద పడ్డాడు.

"ఏవండీ! ఆ ఎండలో చెప్పుల్లేకుండా ఆ పరుగేంటండీ? బుద్ధుందా మీకు? ఇన్నేళ్లొచ్చాయి!" అని వెనకనుంచి కేక వినపడింది.

మూడు నెలల తర్వాత మొదటి తిట్టు. అమరేశ్వరరావు నడిరోడ్డుమీద ఆగి చిన్నపిల్లాడిలా నవ్వాడు. రెండో తిట్టు కోసం ఎదురు చూశాడు. వచ్చింది.

మర్నాడు గణపవరం మీదుగా వెళ్లే బస్సెక్కి గూడెంలో దిగాడు. మేడమీద గదిలో ఆరుగురు టీ తాగుతున్నారు. వాళ్లలో ఒకరు బాలస్వామి! అమరేశ్వరరావు కొట్టుకి ఎదురుగా ఉండే ఐస్ ఫ్యాక్టరీ యజమాని. తాగుడులో కైకలూరుకే పెద్దదిక్కు.

"మీరా అండీ!"

"ఇక్కడ పేర్లు లేవండీ. నేను చుక్క ముట్టి ఆరేళ్లయింది."

"మొన్న పెళ్లిలో గ్లాసు పట్టుకుని తూలారు కదండీ?"

"చల్లటి టీ అండి. మానేశానని మొదట్లో నిజమే చెప్పాను. ఆ నెల్లో నలభైమంది సీసాలతో ఇంటికొచ్చి బతిమాలారు. మళ్లీ మొదలెట్టానని కబురంపాను. అప్పట్నుంచీ ఒక్కడూ నా జోలికి రాలేదండి. తూలడం మీకూ నేర్పుతాను, కష్టమేం కాదు."

నెల తిరగకుండానే ముదినేపల్లిలో ఒక నిశ్చితార్థంలో అమరేశ్వరరావు గ్లాసుతో కనిపించాడు, కాస్త తూలాడు కూడా. ఈశ్వరప్రసాద్ గారు ఆనందబాష్పాలతో కౌగిలించుకుని "మనోడు మళ్లీ మనుషుల్లో పడ్డాడండీ!" అని ప్రకటించారు. ఊరు ఊపిరి పీల్చుకుంది.

ప్రస్తుతం కైకలూరునుంచి పదకొండుమంది ఆదివారాలు గూడెం వెళ్తున్నారని, ఒకరినొకరు ఎరగనట్టు వేర్వేరు బస్సులెక్కుతున్నారని తెలిసింది. తాగుబోతులుగా వారికున్న మంచిపేరు దెబ్బతినకూడదు కాబట్టి మిగిలిన తొమ్మిదిమంది పేర్లు ఇక్కడ రాయడం లేదు. ఈసారి విందులో మీ పక్కన ఎవరైనా గ్లాసు పట్టుకుని మరీ ఎక్కువగా తూలుతుంటే దయచేసి వాసన చూడకండి. మానేశాడని తెలిస్తే మీరు ఊరుకోరు.