పిన్నిగారి ప్రార్థన పెట్టె

వడ్రంగి మేస్త్రికి రహస్యాలు లేవు. ఉన్నవన్నీ ఆయన భార్య రోజూ ఉదయం ఆరింటికి పెరట్లో నిలబడి దేవుడికి చెప్పేస్తుంది. దేవుడు దూరంగా ఉంటాడు కనుక కాస్త గట్టిగానే చెబుతుంది.

వీధంతా ఆమెను పిన్ని అంటుంది. పిన్ని ముందుగా మూడు గిన్నెల్లో తిండి పెడుతుంది. కుక్కకు ఒకటి, ఒంటికన్ను పిల్లికి ఒకటి, తాబేలుకు ఒకటి. కుక్క పేరు జడ్జి. దాని మొహం అలాంటిది. పిల్లి దొరసాని. తాబేలు ఎక్స్‌ప్రెస్. తరువాత చేతులు జోడించి వీధిలో ఎవరి బాధ ఏమిటో వరసగా వినిపించి, చివర "అంతే స్వామీ" అంటుంది. ఆ మాట చెవినపడేదాకా మూడింటిలో ఒక్కటీ గిన్నెలో మూతి పెట్టదు. ఆ ఇంట్లో దైవభీతి ఉన్నది వాటికే.

"స్వామీ, ఇస్త్రీ చేసే పిల్లకి మోచెయ్యి నొప్పి తగ్గించు. సెలూన్ ఆయనకి మోకాలు చూడు. లెక్కల మాస్టారి అత్తగారొచ్చి నెలైంది, ఆవిడకి ఊరి మీద బెంగ పుట్టించు. మా ఆయనకి మూడు రోజులుగా కడుపు కదల్లేదు, కదిలించు. అంతే స్వామీ."

ఆ రోజు మేస్త్రి గడ్డం గీయించుకోవడానికి సెలూన్‌కి వెళ్లాడు. సెలూన్ ఆయనను వీధిలో సగం క్రాఫు అంటారు. కబురు దొరికితే తల సగంలో వదిలేసి గుమ్మంలోకి వచ్చేస్తాడు.

"ఏం మేస్త్రీ, కదిలిందా?"

"ఏవిటి కదిలేది?"

"అదేలే."

లోపల కుర్చీలో సగం తలతో కూర్చున్న లెక్కల మాస్టారు అద్దంలోంచి చూసి, "రేపటికి నాలుగో రోజు" అన్నాడు.

మేస్త్రి గడ్డంతోనే ఇంటికి వచ్చేశాడు.

"మెల్లగా చెప్పుకోలేవుటే? దేవుడికి చెవుడా?"

"చెవుడెందుకు? ఇన్ని కోట్లమంది ఒక్కసారే మాట్లాడుతుంటే మెల్లగా చెప్పేవాళ్ల మాట ఎవరికి వినబడుతుంది?"

"పోనీ మనసులో అనుకో."

"మనసులో అనుకుంటే మధ్యలో మీరు గుర్తొస్తారు. భక్తి చెడిపోతుంది."

మేస్త్రి రెండు రోజులు ఆలోచించాడు. మూడో రోజు చెక్క తెప్పించాడు. వారం తిరిగేసరికి హాల్లో ఒక మూల నిలువెత్తు గది లేచింది. ఒక మనిషి హాయిగా, ఇద్దరైతే ఇరుక్కుని పడతారు. గోడలకు రెండు వరసల చెక్క, మధ్యలో కూరిన రంపపు పొట్టు, తలుపు చుట్టూ దుప్పటి గుడ్డ. నలభై ఏళ్లలో ఎవరికీ ఇంత గట్టి పని చేయలేదు.

"నీ భక్తికి నా కానుక" అన్నాడు.

పిన్ని చుట్టూ తిరిగి చూసింది. వేలు మడిచి తట్టింది. చప్పుడు రాలేదు.

"ఇంత దిట్టంగా ఎందుకండీ?"

"చెదలు పట్టకుండా."

"మీకెంత భక్తండీ!" అని ఆమె లోపలికి వెళ్లి తలుపేసుకుంది.

మర్నాడు మేస్త్రి పెరట్లో కూర్చుని ప్రశాంతంగా టీ తాగాడు. ఆయన కడుపు గురించి ప్రపంచానికి ఏమీ తెలియని మొదటి ఉదయం అది. టీ అయ్యాక చూస్తే మూడు గిన్నెల ముందు మూడు జీవాలూ అలాగే ఉన్నాయి.

"ఏమే, 'అంతే స్వామీ' అన్నావా?"

"లోపల అన్నాను."

"వీటికి వినబడలేదు. ఇంకోసారి అను."

"ముగించాక మళ్లీ ముగిస్తారా ఎవరైనా? దేవుడితో ఆటలా?"

మేస్త్రి తనే చేతులు జోడించి, "అంతే స్వామీ" అన్నాడు. జడ్జి ఆయనను దొంగసాక్షిని చూసినట్టు చూసింది. గిన్నె వైపు చూడనేలేదు. మేస్త్రి మూడుసార్లు అన్నాడు. మూడోసారి తాబేలు తల లోపలికి తీసుకుంది. చివరికి పిన్ని చేత్తో తినిపించాల్సి వచ్చింది.

ఇంతలో ఇస్త్రీ అమ్మాయి గుమ్మంలోకి వచ్చింది.

"పిన్నికి ఒంట్లో బాగాలేదా బాబాయ్? గొంతు వినబడలా."

"బాగానే ఉంది. లోపల ప్రార్థన చేసుకుంది."

"నా మోచెయ్యి చెప్పిందా?"

"చెప్పే ఉంటుంది."

"నువ్వు విన్నావా?"

"వినబడదమ్మా."

"మరి చెప్పిందని ఎలా నమ్మడం?"

ఆ అమ్మాయి మర్నాడు పిన్నితో పాటు పెట్టెలోకి దూరి, తన మోచెయ్యి దగ్గరుండి చెప్పించుకుంది. ఆ మర్నాడు సగం క్రాఫు వచ్చాడు. ఆ తరువాత మాస్టారు, రెండు రోజులకు మాస్టారి అత్తగారు. ఆవిడ కోరిక అల్లుడి కోరికకు నేరుగా ఎదురు కనుక ఇద్దరూ వేరువేరుగా వెళ్లారు.

పదో రోజుకు హాల్లో వరస కట్టారు. ఇంటికి వచ్చినవాళ్లను ఊరికే నిలబెట్టకూడదని పిన్ని లోపలి నుంచే కేకేసింది. తలుపు తెరిచి ఉన్నప్పుడే లెండి. మేస్త్రి టీ కాచాడు. జడ్జి పెట్టె గుమ్మానికి చెవి ఆనించి పడుకుంది. దానిని దాటడానికి ముసలీ ముతకా ఆయన భుజం పట్టుకున్నారు.

లోపలికి వెళ్లినవాళ్లు తేలికపడ్డ మొహంతో బయటికి వస్తున్నారు. వచ్చి మేస్త్రిని ఒకసారి చూస్తున్నారు. టీ తీసుకుంటున్నారు.

"లోపల నా మాటేమైనా వచ్చిందా?" అని సగం క్రాఫును అడిగాడు.

"లోపలి మాట లోపలే మేస్త్రీ. మర్యాద కాదు" అన్నాడు, పుట్టిన దగ్గర నుంచి ఒక్క మాట కడుపులో దాచుకోని మనిషి.

ఆ సాయంత్రం పిన్ని చెప్పులేసుకుని నిలబడింది. "ఇవాళ్టి నుంచి మీ నడకకి నేనూ వస్తాను. బేకరీ దాకానే కదా."

డాక్టరు నడవమన్న దగ్గర నుంచి మేస్త్రి నడక బేకరీ బెంచీ దగ్గర, రెండు వెన్న బన్నుల మీద ఆగుతోంది. ఆ సంగతి పెట్టెలో తెలిసిందంటే ఇంకేం తెలిసింది? ఆమె ఏమీ అనలేదు. అదే భయం. నలభై ఏళ్లుగా తన మీద ఆమెకు ఏ రోజు ఎంత కోపముందో పొద్దున్నే తెలిసిపోయేది. ఇప్పుడు ఇంట్లోనే ఉన్నాడు గాని, కబురు లేదు. మర్నాడు పొద్దున జడ్జి పక్కన కూలబడి తనూ తలుపుకు చెవి ఆనించాడు. ఏమీ వినబడలేదు. మంచి పని మరి.

ఆదివారం స్క్రూడ్రైవరు తీసుకుని తలుపు ఊడదీశాడు.

"చెదలా అండీ?"

"గాలాడదని."

"ఆ తలుపు వంటింటి అలమరకి బిగించేయండి. పన్నెండేళ్లుగా అడుగుతున్నాను. కొలవక్కర్లేదు, మొదటిరోజే నేను కొలుచుకున్నాను."

సోమవారం ఆరింటికి పిన్ని పెరట్లోకి వచ్చింది. గిన్నెలు పెట్టింది. గోడల అవతల చెంబుల చప్పుడు ఆగింది. మేస్త్రి గుమ్మంలో నిలబడ్డాడు. మోచెయ్యి అయింది. మోకాలు అయింది. అత్తగారి బెంగ, అల్లుడి బెంగ న్యాయంగా చెరిసగం అయ్యాయి. దొరసాని కంటి నీరు కూడా అయింది.

"అంతే స్వామీ."

మూడు మూతులూ గిన్నెల్లో పడ్డాయి.

"అదేంటే? నా సంగతి?"

"మీది మనసులో చెప్పుకున్నాను లెండి. మీకలాగే ఇష్టం కదా."

"ఏం చెప్పావు?"

"అది నాకూ ఆయనకీ."

మేస్త్రికి ఒళ్లు మండింది. "ఊళ్లో పిల్లి కన్ను దాకా గట్టిగా చెప్పి, కట్టుకున్న మొగుడి దగ్గరకొచ్చేసరికి మనసులోనా? ఐదు రోజులైందే కడుపు కదిలి! ఎవరికి చెప్పుకోను?"

గోడ అవతల నుంచి ఇస్త్రీ అమ్మాయి గొంతు ఓదార్పుగా వినబడింది.

"బెంగపడకు బాబాయ్. మేమందరం కూడా చెబుతాంలే."