తరవాణి కుండలో బెల్జియం

2009 మే నెలలో ఒక ఆదివారం పొద్దునకని జానకిరామ్ వేసుకున్న పథకం చాలా సులువైనది. పదకొండింటికి బెంగళూరు నుంచి లక్ష్మీకాంత్ వస్తాడు. గ్లాసందుకుని ఒక గుటక వేస్తాడు. ఇబ్రహీంపట్నం థర్మల్ స్టేషన్ లాబ్‌లో పన్నెండేళ్లుగా బాయిలరు నీళ్లు పరీక్షిస్తున్న జానకిరామ్, ఆ గుటకతో బీరు కాచే మనిషైపోతాడు.

లక్ష్మీకాంత్ కాలేజీ స్నేహితుడు. సొంతంగా బీరు కాచి పోసే హోటలొకటి బెంగళూరులో పెడుతున్నాడు. "నీ ఊహలు చాలా విన్నానురా. ఒక్కటి చేసి చూపించు. నచ్చితే ఉద్యోగం నీదే. లేదంటే ఇంక నా బుర్ర తినొద్దు" అన్నాడు. పాపం, అతను మాత్రం ఎంతకని వింటాడు! జానకిరామ్ ఊహకు అడ్డూ అదుపూ ఉండేది కాదు. జర్మనీ గోధుమ బీరుకూ బెల్జియం పులుపు బీరుకూ పెళ్లి చేసేవాడు. ఇంగ్లండు నల్ల బీరులో తాటిబెల్లం కలిపేవాడు. అన్నీ మాటల్లోనే. తొమ్మిదేళ్ల కాపురంలో భార్య సుస్మిత వీటన్నిటినీ అన్నం వడ్డిస్తూ విన్నది. చివరికి విసుగెత్తి, "ఇది కుదరకపోతే మళ్లీ ఇంట్లో బీరు మాట ఎత్తకూడదు" అని ఒట్టు వేయించుకుంది.

జానకిరామ్ గోధుమ, పులుపు కలిసే రకాన్నే ఎంచుకున్నాడు. గోధుమలు మొలకెత్తించి, డాబా మీద ఎండబెట్టి, కాచి, లక్ష్మీకాంత్ కొరియర్‌లో పంపిన ఈస్టు వేశాడు. బెజవాడ ఎండకు గాజు సీసాలో పెడితే ఉడికి ఊరుకుంటుంది. అందుకని పెద్ద మట్టికుండలో పోసి, మూతికి గుడ్డ కట్టి, వంటింటి మూల ఇసుకలో దించి, చుట్టూ తడి గోనె చుట్టాడు.

మూడో రోజున కొండపల్లి నుంచి అత్తగారు రావమ్మ దిగింది. ఆవిడ సామాన్యురాలు కాదు. సారా ఉద్యమం రోజుల్లో ఆడవాళ్లను వెంటేసుకుని వెళ్లి ఊళ్లో సారా కొట్టు మూయించిన మనిషి. అల్లుడు ఇంట్లోనే బీరు కాస్తున్నాడని తెలిస్తే కూతుర్ని వెంటబెట్టుకుని తర్వాతి బస్సెక్కేస్తుంది.

"ఆ కుండేమిటే?" అంది చెప్పులు విప్పుతూనే.

సుస్మిత కుండకు అడ్డంగా నిలబడింది. నోటికొచ్చింది అనేసింది. "తరవాణమ్మా. ఆయనకు వేడి చేసిందంటే పెట్టాను."

రావమ్మకు కళ్లు చెమర్చాయి. ఈ రోజుల్లో కూడా పులిసిన గంజి తాగే అల్లుడా! అలాంటి అల్లుడికి తను ఏం చేయగలదు? తరవాణి కుండ పెట్టాక దాన్ని ఖాళీ కానివ్వకూడదు, తీసినంతా మళ్లీ గంజి పోస్తూ ఉండాలి. మర్నాడు సుస్మిత బ్యాంకుకూ, జానకిరామ్ డ్యూటీకీ వెళ్లగానే కుండకు పసుపు రాసింది. గంజి పోసి, నాలుగు దబ్బాకులూ చిటికెడు వామూ వేసింది. సాయంత్రానికి ఒక గ్లాసు తాగి చూసింది. బాగుందో లేదో తేల్చుకోవడానికి ఇంకో గ్లాసు తాగింది.

"మోకాళ్ల నొప్పి ఎటు పోయిందోనమ్మా!" అంటూ పక్కింటి గంగారత్నానికి కూడా పోసింది. గంగారత్నం మోకాళ్లు బాగానే ఉన్నాయి, అయినా తాగింది. వారం తిరిగేసరికి వీధిలో ఏడుగురు ఆడవాళ్లు పదిన్నరకల్లా గ్లాసులతో వచ్చి, కబుర్లు చెప్పుకుని, మధ్యాహ్నాలు హాయిగా నిద్రపోతున్నారు.

జానకిరామ్ రోజూ డ్యూటీ నుంచి రాగానే అత్తగారి కంట పడకుండా రబ్బరు గొట్టంతో కొంచెం తీసి పరీక్షించేవాడు. "సుస్మీ, ఎంత తీసినా మట్టం తగ్గట్లేదే! ఈస్టు ఇరగదీస్తోంది!" అని పొంగిపోయేవాడు. ఆ కొత్త వాసన కూడా ఈస్టు చలవే అనుకున్నాడు. కుండ మీద పసుపు చూసి, భార్యకు తన కల మీద గురి కుదిరిందనుకుని కళ్లు తుడుచుకున్నాడు. శాస్త్రం చదివినవాడు కదా, అన్నిటికీ కారణం దొరికేది.

ఆదివారం పదిన్నరకు గుమ్మంలో గంగారత్నం, వెనకాల ఆరుగురు.

"ఏం కావాలి పిన్నిగారూ?"

"తరవాణి బాబూ. మీ అత్తగారు రోజూ పోస్తారుగా."

జానకిరామ్ వంటింట్లోకి పరిగెత్తాడు. రావమ్మ కుండలోకి గంజి వంపుతోంది.

"అత్తయ్యగారూ! ఏంటది?"

"గంజి అల్లుడుగారూ. పది రోజులుగా నేనే చూసుకుంటున్నా. మీ కుండ గురించి మీరేం బెంగపెట్టుకోకండి."

తలుపు దగ్గర సుస్మిత మొహం చూస్తే, కుండ గురించి తల్లికి ఏమని చెప్పిందో అర్థమైపోయింది. జానకిరామ్ ఇసుకలో చతికిలబడ్డాడు. అరుద్దామంటే అత్తగారికి తెలిసిపోతుంది, ఊరుకుందామంటే పన్నెండేళ్ల ఆశ గంజిపాలైంది. ఏడుపొక్కటే తక్కువ.

ఆడవాళ్లు గ్లాసులు నింపించుకుని కూర్చునేసరికి బయట ఆటో ఆగింది. జానకిరామ్ లేచేలోగా, "ఎండన పడి వచ్చావు, ముందిది తాగు నాయనా" అని రావమ్మ లక్ష్మీకాంత్ చేతిలో స్టీలు గ్లాసు పెట్టేసింది. లక్ష్మీకాంత్ ఒక గుటక వేశాడు. కళ్లు మూసుకున్నాడు. గ్లాసు ఖాళీ చేసి గానీ తెరవలేదు.

"ఒరేయ్! పులుపు బెల్జియందే, కానీ ఈ మెత్తదనం, ఈ ఆకు వాసన ఎక్కడివిరా? ఇన్ని ఊళ్లు తిరిగాను, ఇలాంటి బీరు..."

ఏడు గ్లాసులు ఒక్కసారిగా కిందికి దిగాయి. రావమ్మ అల్లుడి వైపు చూసింది.

జానకిరామ్ అత్తగారికి ఎదురుగా వచ్చి నిలబడ్డాడు. "బీరేనండీ. నేనే కాచాను. సుస్మిత నాకోసం అబద్ధమాడింది, దాన్నేమీ అనకండి." తర్వాత స్నేహితుడి వైపు తిరిగాడు. "నీకు నచ్చిన రుచి నాది కాదురా. ఆవిడ గంజిది, ఆవిడ దబ్బాకుది. నాది ఇంత బాగా లేదు."

ఆ మాట అనడానికి ఎంత బాధపడ్డాడో సుస్మితకే తెలుసు. వచ్చి పక్కన నిలబడింది.

రావమ్మ నడుమున చేతులు పెట్టుకుంది. "సారా కొట్టు మూయించినదాన్ని. తాగినవాణ్ణి నడకలోనే పట్టేస్తాను. గంగారత్నం, గుమ్మం దాకా ఓసారి నడు."

గంగారత్నం లేచి, కొంగు సర్దుకుని, పెళ్లిపీటల మీదికి వెళ్తున్నంత పద్ధతిగా గుమ్మం దాకా నడిచి తిరిగొచ్చింది.

"ఇది తరవాణే" అని రావమ్మ తీర్పు చెప్పింది. ఏడు గ్లాసులు మళ్లీ పైకి లేచాయి.

లక్ష్మీకాంత్ అక్కడికక్కడే ఉద్యోగం ఇచ్చాడు, రావమ్మకు. ఆవిడ అల్లుడు కూడా వస్తేనే కదులుతానంది. గంజి కాయడానికి మనిషి కావాలి కదా. ఇప్పుడా హోటల్లో జానకిరామ్ ఊహించిన ప్రతి రకాన్నీ ముందు ఎవరో ఒకరు తాగి రావమ్మ ఎదుట గుమ్మం దాకా నడవాలి. ఇంగ్లండు నల్ల బీరు ఇంతవరకు పాసవలేదు.